నేనే చేశానని చెప్పిన కిటికీ

మా నాయన నా పనిని మెచ్చుకోవడం నాకు గుర్తున్నంతలో ఒక్కసారే జరిగింది. అది పన్నెండేళ్ళప్పుడు నేను చేసిన కోళ్ళగూడు. దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "కోళ్ళకు చాలు" అన్నాడు. అందులో మెప్పు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. నాకు నలభై ఆరేళ్ళప్పుడు, తమిళనాడులోని ధర్మపురిలో ఒక టీచరమ్మ ఇంట్లో, అదే మనిషి నా భార్య వేసిన అతుకు మీద బొటనవేలి గోరు పెట్టి మెల్లగా లాగి, "శబాష్ అమ్మణ్ణీ" అన్నాడు. కోపం వస్తే ఎవరి మీదో తెలుస్తుంది. ఆ పూట నాకు వచ్చింది ఎవరి మీదో తెలియలేదు. చేతిలోని టీ గ్లాసు కింద పెట్టి వీధిలోకి వెళ్ళిపోయాను.

మాది పిక్కిలి దగ్గర పల్లె. ఎన్ని తరాల కిందట ఈ వైపు వచ్చామో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నాకు వచ్చినవి కుప్పంలో రెండేళ్ళు కట్టడం పనికి వెళ్ళినప్పుడు బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నవి. పనికి వెళ్ళిన ఇళ్ళలో తెలుగు మాకు ఒక వెసులుబాటు. యజమాని ఎదురుగా కూర్చుని ఉండగానే ఆయన గురించి ఏమైనా అనుకోవచ్చు. దాన్ని నేను బాగానే వాడుకునేవాణ్ణి.

మా నాయన కొయ్యపని చేసేవాడు. తలుపులు, కిటికీలు, మంచాలు. నేనూ ఆయన దగ్గరే మొదలుపెట్టాను కానీ పద్దెనిమిదేళ్ళకే సెంట్రింగ్‌కు పోయాను. మిద్దె పోసే ముందు కింద పలకలు పరిచి, కొయ్యలు నిలబెట్టి బిగిస్తారే, ఆ పని. కాంక్రీటు గట్టిపడ్డాక అంతా పీకేస్తాం. నేను చేసింది ఒక్కటీ నిలబడి ఉండదు. మా నాయన దాన్ని కొయ్యపని అని ఎప్పుడూ ఒప్పుకోలేదు. "నీది మేకుల చెయ్యి రా" అనేవాడు. రెండేళ్ళ కిందట ఆయన కుడిచేతికి వణుకు వచ్చింది. టీ తాగితే సగం చొక్కా మీదే. ఉలులన్నీ నూనె రాసి పెట్టెలో పెట్టేశాడు.

నా భార్య మా మేనమామ కూతురు. పెన్నాగరం పక్కన వాళ్ళ ఇంట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. చిన్నప్పటినుంచీ పురుగులను ఒక తట్టలోనుంచి ఇంకో తట్టలోకి మార్చి మార్చి, వేళ్ళతో దేన్నీ నలపకుండా పట్టుకోవడం ఆమెకు అలవాటైంది. పెళ్ళయ్యాక నాతోపాటే కట్టడం పనులకు వచ్చి ఇసుక, జల్లి కంకర మోసేది. ఆ వేళ్ళు వేరే పనికి కూడా వస్తాయని నాకు తోచలేదు. ఆమెకూ తోచి ఉండదు.

పోయిన ఏడాది జల్లి లారీలు రాక పనులన్నీ ఆగిపోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆ టీచరమ్మ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. బడినుంచి రిటైరై నాలుగైదేళ్ళయింది. పాత ఇల్లు, పదకొండు కిటికీలు, అన్నీ టేకు. కొన్ని చెమ్మకు కింద పుచ్చిపోయాయి, కొన్ని రెక్కలు మూసుకోవు, కొన్ని తెరుచుకోవు. ఆమె మాతో మాట్లాడింది తమిళంలోనే.

"అందరూ పీకేసి గాజువి పెట్టించమంటున్నారు. మా బంధువుల ఇంట్లో అలాంటివే పెట్టారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఆ గదిలో కూర్చోండి, తెలుస్తుంది. నాకు నా కిటికీలే కావాలి. కింది రెక్కలు మూసి పై రెక్కలు తీస్తే వీధిలోవాళ్ళకు నేను కనబడను, నాకు గాలి వస్తుంది."

మా నాయన వణుకుతున్న చెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని, "చేస్తామమ్మా" అన్నాడు. నన్ను అడగలేదు. ఆమె వెళ్ళాక నేను, "నీ చెయ్యేమో అట్ల ఉండాది. ఎవరు చేసేది?" అన్నాను.

"నేను చెప్తాను, నువ్వు చెయ్యి" అన్నాడు.

మనసులో సంతోషించాను. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన నన్ను మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకుంటున్నాడు. మొదటిరోజు నేను కొత్త చొక్కా వేసుకుని పనికి వెళ్ళానంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నా భార్య రంగు గీకడానికి వచ్చింది. ఆ రెక్కల మీద ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద ఇంకో ఆకుపచ్చ, దాని కింద ఎర్రమట్టి రంగు. గాజుముక్కతో గీకి, ఉప్పుకాగితంతో రుద్దడం ఆమె పని. నేను రెక్కలు ఊడదీసి, కొయ్యలు విడదీశాను. తొందరలో నాలుగు రెక్కల కొయ్యలు ఒకేచోట కుప్ప పోశాను. అన్నీ ఒకే కొలత కదా, దేన్ని దేంట్లో పెట్టినా కూర్చుంటుందనుకున్నాను. కూర్చోలేదు. ఒకటి వదులు, ఒకటి బిగువు, ఒకటి వంకర. మా నాయన స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

అప్పుడు ఆమె గీకుతున్న కొయ్యను వెలుతురు వైపు తిప్పి, "మామా, ఇక్కడ చూడు. మూడు గీతలుండాయి. దీంట్లోనూ మూడే" అంది.

రంగు కింద, కొయ్య కొనలో, ఉలితో పెట్టిన సన్నని గాట్లు. దానితో జతపడే కొయ్య మీదా అన్నే గాట్లు. ఒకటికి ఒకటి, రెండుకు రెండు. ఆ కిటికీలు చేసినవాడు ఏది ఎక్కడ కూర్చోవాలో గుర్తు పెట్టి వెళ్ళాడు. ఆమె నేల మీద కూర్చుని పప్పులో రాళ్ళు ఏరినట్టు ఒక్కో కొయ్యా ఏరి, కుప్పను నాలుగు భాగాలు చేసింది. మా నాయన స్టూలు దిగి, మోకాళ్ళ మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఈ గుర్తులు నాకు తెలుసు. మా నాయన పెట్టేవాడు. రంగు కింద ఉంటాయని తోచనేలేదు చూడు" అన్నాడు. "నీ కన్ను రొంబ మంచి కన్ను అమ్మణ్ణీ."

చెయ్యి వణికినప్పటినుంచీ ఆయన నవ్వగా చూడలేదు. ఆ పూట నవ్వాడు. నేను కూడా నవ్వాను. కానీ నా దవడలు బిగిసి ఉన్నాయని నాకే తెలిసింది.

మూడోరోజో నాలుగోరోజో ఆయన ఇంటినుంచి ఉలుల పెట్టె తెచ్చాడు. అందులో పావంగుళం ఉలి ఒకటి ఉంది. చింతకొయ్య పిడి. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే నాకు దెబ్బలు పడ్డాయి. ఆయన దాన్ని తీసి, పదును చూసి, ఆమె చేతిలో పెట్టాడు. నేను ఎదురుగానే ఉన్నాను. "ఇట్ల పట్టుకో. తోయొద్దు. అదే పోతుంది" అన్నాడు. ఆమె పట్టుకుంది. నిజంగానే అదే పోయింది. ఉల్లిపొరలాంటి తునక ఒకటి చుట్టుకుని లేచి ఆమె మణికట్టు మీద పడింది.

ఆ తర్వాత పని రెండు భాగాలైంది. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే అయింది. రెక్కలు దించడం, మొయ్యడం, తుప్పు పట్టిన బందులు విప్పడం నావి. చెక్కడం ఆమెది. మా నాయన స్టూలు ఆమె పక్కకు జరిగింది. ఇద్దరూ ఏవో మాట్లాడుకునేవాళ్ళు. నేను ఊచలకు ఉప్పుకాగితం పెడుతూ చెవులు అటే వేసేవాణ్ణి. ఆయన రోజుకు ఎన్నిసార్లు శబాష్ అన్నాడో నాకు లెక్క తెలిసేది. ఆమె ఇంటికి వెళ్ళాక కూడా ఉలి పదును గురించి మాట్లాడితే నేను పళ్ళెం ముందునుంచి లేచిపోయేవాణ్ణి. మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి పెరట్లోకి వెళ్ళగానే నేను మూలమట్టం తీసుకుని ఆమె చేసిన మూలలన్నీ కొలిచేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా దొరికినా చాలని. మూడు రోజులు కొలిచాను. దొరకలేదు. తప్పు దొరకనందుకు మనిషి ఇంత ఏడవగలడని అంతవరకూ నాకు తెలియదు.

ఒకరోజు ఆపుకోలేక మా నాయననే అడిగాను. "నాకెందుకు చెప్పలేదు ఇదంతా?"

ఆయన ఆశ్చర్యంగా చూశాడు. "చెప్పలేదా? పదిసార్లు చెప్పినాను. చెప్పిన ప్రతిసారీ నువ్వు సరి, సరి అంటివి. ఆమె సరి అనదు రా. ఎందుకు మామా అంటుంది. ఎందుకో చెప్పేదానికి నేను ఆలోచించాల్సి వస్తుంది."

అది నిజం. నిజం కావడమే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

గోరు పెట్టి చూసి శబాష్ అన్నాడని మొదట చెప్పాను కదా, అది మూడో వారం చివర్లో. వంటింటి పక్క గది కిటికీలో ఒక నిలువు కొయ్య అడుగున జానెడు పుచ్చిపోయింది. ఆమె పుచ్చిన మేరకు ఏటవాలుగా కోసేసి, కూలగొట్టిన ఇంటినుంచి తెచ్చిన పాత టేకు ముక్కను అదే వాలుకు చెక్కి అతికించింది. కొయ్యలోని చారలు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి నీళ్ళలా పోయాయి. అతుకు ఎక్కడుందో కంటికి కనబడదు, గోటికి తగలదు.

వీధిలోకి వెళ్ళినవాణ్ణి టీ కొట్టుకు పోయాను. కాసేపటికి మా నాయన కూడా అక్కడికే వచ్చాడు. నేను లోపలి బల్ల మీద ఉన్నది చూడలేదు. బయట నిలబడి ఎవరో తెలిసినాయనతో చెప్తున్నాడు: "మా కోడలిది అచ్చంగా మా నాయన చెయ్యి. నాకు రాలేదు, నా కొడుక్కి రాలేదు. ఆమెకు వచ్చింది."

ఆమె మా తాతను చూడనేలేదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు పుట్టింది. మా వంశంలో దాటుకుంటూ వచ్చిందేదో నన్ను తప్పించుకుని బయటినుంచి వచ్చినదాని చేతిలో దిగిందట. ఆ మాట విన్నాక ఆమె ముఖం చూడడం కూడా కష్టమైంది.

మర్నాడు మా నాయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. పదకొండు గంటలప్పుడు టీచరమ్మ చేతిలో చేట పట్టుకుని వచ్చి ఆ కిటికీ ముందు నిలబడింది. రెక్క తెరిచింది, మూసింది, వంగి అడుగు చూసింది.

"ఇక్కడ పుచ్చిపోయి ఉండాలే. ఎవరు చేశారు దీన్ని?" అని తమిళంలో అడిగింది.

"నేనేనమ్మా" అన్నాను.

నోరు తెరిచేదాకా ఆ మాట అంటానని నాకు తెలియదు. అన్నాక చూస్తే నా భార్య గుమ్మంలో ఉంది, చేతిలో అవిసెనూనె డబ్బా. మా ఇద్దరి చూపులూ కలిశాయి. ఆమె ఏదైనా అంటుందని ఎదురుచూశాను. డబ్బా కింద పెట్టి, గుడ్డ తీసుకుని, పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

టీచరమ్మ రెక్క మూసింది. "అలాగా. అయితే వీధి కిటికీ కూడా నువ్వే చెయ్యి. అది పెద్దది, అందరికీ కనబడేది. నీ చేతులతోనే చెయ్యి" అంది.

ఆ వీధి కిటికీ ఇంటికంతటికీ పెద్దది. మనిషి ఎత్తు, నాలుగు రెక్కలు, ఒక్కో నిలువు కొయ్యా అతుకు లేకుండా ఒకే టేకు మానులో కోసినది. మర్నాడు పొద్దున దాని రెక్కలు దించుతుంటే నా భార్య మొదటిసారి నోరు విప్పింది. టీచరమ్మ నాలుగడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంది. మాకేం, మాది తెలుగు కదా.

"నేనే అంటివి గదా బావా. చెయ్యి ఇప్పుడు."

"చేస్తాను. నాకు రాదా? మా ఇంట్లో పుట్టిన పని ఇది. నువ్వు నేర్చుకొని ఎన్ని దినాలైంది?"

"ఇరవై దినాలు. ఇరవై దినాలకే నీ కండ్లు ఎర్రగా అయిపోయినాయి. మూలమట్టం పెట్టి కొలుస్తుంటివే, నేను చూడలేదనుకుంటివా?"

ఆ మాటతో నా ఒళ్ళు మండిపోయింది. "ఇసుక మోసేదానికి వచ్చిన దానివి. ఉలి పట్టుకుంటే కొయ్యపని ఆచారి అయిపోతావా?"

అన్నాక నాకే భయమేసింది. ఆమె చేతులు దులుపుకుని, "సరి. ఇంగ నేను ముట్టను" అని పెరటి గదిలోకి వెళ్ళింది. టీచరమ్మ తల ఎత్తలేదు. కాయలు తుంచుతున్న చప్పుడు మాత్రం కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది.

పంతంగా మొదలుపెట్టాను. పై రెక్క ఒకటి నేల మీద పరిచి, అడ్డకొయ్యను నిలువు కొయ్యలోంచి విడదీయాలి. కొయ్యచీల ఒకటి కనబడింది, కొట్టి తీశాను. అయినా కదల్లేదు. నీళ్ళు తాగి ఉబ్బి ఉంటుందనుకుని, చిన్న పలక అడ్డం పెట్టి సుత్తితో కొట్టాను. ఇంకా గట్టిగా కొట్టాను. ఆమె అయితే ఆగి, ఎందుకు రాలేదని వెతికి ఉండేది. నాకు అప్పుడు ఆ ఆలోచనే వచ్చింది. వచ్చినందుకే ఇంకొక దెబ్బ బలంగా వేశాను.

ఎండిన చెరుకు విరిచినట్టు చప్పుడైంది. నిలువు కొయ్య రెండు జానల పొడవునా చీలింది. రెండో చీల లోపలివైపునుంచి కొట్టి ఉంది. రంగు కింద కనబడలేదు.

అలాంటి కొయ్య ఇప్పుడు ఎక్కడా దొరకదు. నేను చుట్టూ చూశాను. టీచరమ్మ లేదు. చీలికలో బంక పోసి, నొక్కి, పైన లప్పం పెట్టి, ఆరాక ఉప్పుకాగితం వేసి, మిగతా కొయ్య రంగు వచ్చేలా కాస్త రంగు కలిపి పూశాను. ఆ పనికి ఒక పూటంతా పట్టింది. ఇరవై రోజుల్లో నేను అంత ఓపికగా చేసిన పని అదొక్కటే.

కంటి డాక్టరు ఇంట్లో ఉండమన్నాడని రెండు రోజులు ఆగిపోయిన మా నాయన మర్నాడు వచ్చాడు. కళ్ళకు మందు వేసుకున్నందువల్ల సరిగా కనబడడం లేదు. రెక్కను చేత్తో తడిమాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. లప్పం పెట్టిన చోట ఆ వణికే చెయ్యి ఆగింది. వేలు మడిచి టక్కుమని కొట్టాడు. బోలు చప్పుడు.

"ఎవరు చేసినది ఇది?"

ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది, ఆ క్షణంలో నా కళ్ళు నా భార్య వైపు వెళ్ళాయి. ఆమె పేరు చెబితే ఎలా ఉంటుందని నా మనసు లెక్క వేసింది. ఆమె అది పసిగట్టింది.

"నా తట్టు చూడొద్దు బావా" అంది. తర్వాత మా నాయనతో, "ఆయనే మామా. వంటింటి పక్క కిటికీ కూడా ఆయనే చేసినాడంట. టీచరమ్మకు చెప్పినాడు" అని, చెంబు తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది.

మా నాయన స్టూలు మీద కూర్చున్నాడు. తిడితే బాగుండేది. "కొయ్య చీలుతుంది. నా చేతిలో ఎన్ని చీలలేదు? లప్పం పెట్టి మూసినావే, అది నేను నేర్పలేదు. పోయి ఆయమ్మకు చెప్పు. నువ్వు చెప్పేదాకా ఈ ఇంట్లో ఇంగ పని జరగదు" అన్నాడు.

టీచరమ్మ పెరటి వరండాలో పేపరు చదువుతోంది. ఎదురుగా నిలబడి తమిళంలో మొదలుపెట్టాను. వీధి కిటికీ కొయ్య నా చేతిలో చీలిందని చెప్పాను. లప్పం సంగతి చెప్పాను. వంటింటి పక్క కిటికీ నేను చెయ్యలేదు, నా భార్య చేసిందని చెప్పాను.

ఆమె పేపరు మడిచింది. కళ్ళద్దాలు తీసింది. నాతో తెలుగులో మాట్లాడింది.

"నాకు తెలుసు నాయినా. ఆ పిల్ల దాన్ని చెక్కేటప్పుడు నేను వెనక నిలబడి చూసినాను. గంటసేపు చూసినాను. ఆ పిల్లకు నేనుండేదే తెలియలేదు."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. మాది లాంటి తెలుగే. కొంచెం కన్నడ యాస.

"మా అమ్మది హోసూరు. ఇంట్లో ఇదే మాట. మీరు నాతో అరవంలో మాట్లాడితిరి, నేనూ అట్లే మాట్లాడినాను. మొదటి దినమే విన్నాను, ఈ ముసలామె పిసినారి, టీలో చక్కెర కూడా వెయ్యదు అంటివి. నాకు చక్కెర జబ్బు. నేను తాగేదే మీకూ ఇస్తి."

ఇరవై రోజులుగా ఆ ఇంట్లో నేను అన్న మాటలన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. నిన్న ఇసుక మోసేదానివి అన్నది కూడా.

"మరి వీధి కిటికీ నాకెందుకు ఇస్తిరి?" అని తెలుగులోనే అడిగాను.

"నువ్వే వచ్చి నిజం చెప్తావని. పెద్ద కిటికీ చూస్తే భయమేసి, నా వల్ల కాదమ్మా, ఆమే చేసింది అంటావనుకున్నాను. బడిపిల్లలైతే అట్లే చెప్పేవాళ్ళు. నువ్వు సుత్తి తీసుకుంటివి." పేపరు పక్కన పెట్టి, "కిటికీ పోయిందని నాకు బాధే. తప్పు నాది కూడా. పిల్లోనికి పెట్టే పరీక్ష పెద్దోనికి పెడితిని" అంది.

ఆమె నా భార్యను పిలిచింది. ముగ్గురం వెళ్ళి రెక్క చుట్టూ కూర్చున్నాం. నా భార్య చీలికను చూసిందే కానీ నన్ను చూడలేదు. మా నాయన ఆమెతోనే మాట్లాడాడు. లప్పమంతా పీకేసి, బంక కడిగి, చీలికను శుభ్రం చెయ్యాలన్నాడు. తర్వాత దాన్ని తాడుతో బిగించి, చీలికకు అడ్డంగా డమరుకం ఆకారంలో నడుము సన్నగా ఉన్న చిన్న టేకు ముక్కలు దింపాలన్నాడు. ఆ ఆకారం వల్ల చీలిక మళ్ళీ విచ్చుకోదు.

"ఎన్ని మామా?"

"నువ్వు చెప్పు."

ఆమె వేళ్ళతో కొలిచి, "మూడు" అంది.

ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి, అన్ని సిగ్గుల మధ్యా, మళ్ళీ అదే పోటు. అంత జరిగాక కూడా అది నన్ను వదల్లేదు.

"తాడు ఎవరు బిగిస్తారు?" అంది ఆమె, ఎవరినీ చూడకుండా. నేను వెళ్ళి తాడు అందుకున్నాను. కర్ర దూర్చి మెలి తిప్పాను. "ఇంకొంచెం" అంది. తిప్పాను. "చాలు. అట్లే పట్టుకో." పట్టుకున్నాను. ఆమె గుంటలు చెక్కి, ముక్కలు ఒక్కొక్కటే దింపేదాకా, నా చేతులు తిమ్మిరెక్కినా వదల్లేదు. ఆమె చెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టదు. నేను చిన్నప్పటినుంచీ బిగబట్టేవాణ్ణి. ఆ మూడు ముక్కలు దిగేలోగా నేను గమనించింది అది. అంతకుముందు ఇరవై రోజులూ ఆమెలో తప్పులే వెతికాను గానీ, ఎలా చేస్తుందో ఒక్కసారి కూడా సరిగా చూడలేదు.

ఆ రెక్క ఇప్పుడు ఆ ఇంటి వీధి కిటికీలో ఉంది. దగ్గరగా వెళ్తే మూడు డమరుకాలు కనబడతాయి. టీచరమ్మ వాటి మీద రంగు వెయ్యనివ్వలేదు, నూనె మాత్రమే పెట్టించింది. చూడడానికి వచ్చినవాళ్ళకు వాటినే ముందు చూపిస్తుంది. ఎవరు చీల్చారో మాత్రం చెప్పదు.

అలా చూసినవాళ్ళలో ఒకరు బొమ్మిడిలో స్టేషను పక్కన తమ ఇంటి తలుపులు బాగుచెయ్యమని కబురు పంపారు. "ఆ అమ్మను పంపండి" అన్నారు. మా నాయన ఉలుల పెట్టె మొత్తం ఆమెకు ఇచ్చేశాడు. జల్లి లారీలు మళ్ళీ వస్తున్నాయి, నాకు సెంట్రింగ్ పని ఉంది. లేని రోజుల్లో ఆమెతో వెళ్తాను. ఏ ఇంటికి వెళ్ళినా మొదట నన్నే అడుగుతారు: "మేస్త్రీ, ఎన్నాళ్ళు పడుతుంది?" నేను, "ఆమెను అడగండి" అంటాను. అలవాటు చేసుకున్నాను. అన్న ప్రతిసారీ లోపల ఏదో గుచ్చుకుంటుంది. ఇదివరకంత లోతుగా దిగదు, అంతే.

ఇంట్లో మాటలు కలవడానికి నెల పట్టింది. ఇసుక మోసేదానివన్నందుకు క్షమాపణ చెప్పుకున్నాను. "ఇసుక మొయ్యడం తప్పుడు పనా? నువ్వు దాన్ని తిట్టుగా అంటివి చూడు, అదే నాకు ఆగలేదు" అంది.

మొన్న బొమ్మిడిలో పని ముగించి, బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగాను.

"ఆ దినం టీచరమ్మ ముందర నేనే చేసినాను అన్నప్పుడు, నువ్వు ఎందుకు ఏమీ అనలేదు?"

ఆమె సంచి భుజం మార్చుకుంది. "కోపం వచ్చింది. రాలేదని ఎట్ల చెప్పేది? ఐతే అనుకున్నాను, ఆయమ్మకు తెలియకపోతే పోనీ. మామకు తెలుసు గదా, నేను చేసినానని. నాకు అది చాలు."

చాలా మామూలుగా అంది. నన్ను నొప్పించాలని కాదు. ఆయనకు తెలిస్తే చాలు అనుకోగలగడం ఎంత ఆస్తో ఆమెకు తెలియదు. నలభై ఏడేళ్ళకు కూడా నాకు అది లేదు, ఆమెకు ఇరవై రోజుల్లో వచ్చింది.

ఈసారి నేను వీధిలోకి పోలేదు. "నాకు నీ మీద ఇంకా ఏడుపుగానే ఉండాది, తెలుసా?" అన్నాను.

"తెలుసు" అంది. "బస్సు వస్తా ఉండాది, సంచి పట్టుకో."